అప్‌డేట్: తోలుబొమ్మలాట నేర్చిన మా మేనల్లుడికి స్కాలర్‌షిప్ వచ్చింది

ధర్మవరం దగ్గర పల్లెలో ఉండే మా మేనల్లుడు తోలుబొమ్మలాటలోనే కొనసాగడానికి ఏదైనా సాయం దొరుకుతుందా అని బెంగళూరు నుంచి అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉండే సంస్థ) ఇచ్చే యువ కళాకారుల స్కాలర్‌షిప్. 18–25 ఏళ్లవాళ్లకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. జానపద కళలు, బొమ్మలాట కూడా అందులో ఉన్నాయి. అసలు ముఖ్యం, కనీసం 5 ఏళ్లు నేర్చుకున్నట్టు గురువు సంతకం చేసిన పత్రం. దాన్ని ముందే రాయించుకోండి. ఇంటర్వ్యూలో బొమ్మ ఆడిస్తూ పద్యం పాడాడట. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను!

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేదని పడ్డ టెన్షన్ అనవసరం, ఎవరూ అడగలేదు. జనవరిలో ఇక్కడ బెంగళూరులో జరిగే చిత్రసంతె అనే కళల సంత మంచిదే కానీ అది చిత్రాలు, కళాకృతులు అమ్ముకోవడానికి, శిక్షణకు కాదు.