మోకాలికి కెమెరా పెట్టి ‘క్లీనింగ్’ చేయిస్తే ఉపయోగం ఉంటుందా?

సింగరాయకొండ అబ్బాయి:
అమ్మకు అరవై దాటాయి. పెళ్లయిన నాటి నుంచి పొగాకు బ్యారన్ల దగ్గర బాసింపట్టు వేసుక్కూర్చుని ఆకు గ్రేడింగ్ చేసిన మనిషి. ఇప్పుడు కుడి మోకాలు మొరాయిస్తోంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. పొద్దున లేచాక కాసేపు గోడ పట్టుకుని నిలబడితేగానీ అడుగు పడదు. ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే వెళ్లగానే ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టులో ‘మెడియల్ మెనిస్కస్ టేర్’ అని ఉంది. అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ లోపలి వైపు చిరిగిందట. రెండు చిన్న గాట్లు పెట్టి, కెమెరా పంపి, చిరిగిన ముక్క కత్తిరించి లోపలంతా కడిగేస్తారట. ఆర్థ్రోస్కోపీ అంటున్నారు. మర్నాడే ఇంటికి పంపేస్తారట. బాబాయి ‘చేయించెయ్ రా’ అంటున్నాడు. అక్కేమో ‘చేయిస్తే మోకాలి మార్పిడే చేయించు, లేదా ఊరుకో’ అంటోంది. మీరేమంటారు?

కావలి కుర్రోడు:
చేయించు అన్నా. మా నాన్నకు నిరుడు ఇదే చేశారు. కర్ర పట్టుకుని ఆస్పత్రికి పోయిన మనిషి, కొన్నాళ్లకే చేపల మార్కెట్టుకి నడిచి పోయొచ్చాడు. ఎంఆర్ఐలో చిరుగు కనిపిస్తుంటే ఇంకా డౌటేంది?

నెల్లూరు ఫిజియో:
డౌటు ఆ చిరుగు మీదే. అమెరికాలో యాభై దాటిన మామూలు జనానికి ఎంఆర్ఐ తీసి 2008లో ఫలితాలు ప్రచురించారు. మెనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతం మందికి ముందు నెలంతా మోకాలి నొప్పే లేదు. వయసుతో పాటు గుజ్జు అరుగుతుంది, మెనిస్కస్ కూడా చిరుగుతుంది. దొరికిన చిరుగే నొప్పికి కారణమని ఎట్లా అంటాం?

ఇంతకీ అమ్మగారికి నిలబెట్టి ఎక్స్‌రే తీశారా? పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నిలబడి బరువు పడినప్పుడే గుజ్జు ఎంత మిగిలిందో తెలుస్తుంది. కొన్ని వందల్లో అయ్యే ఆ పని వదిలేసి వేలు పోసి ఎంఆర్ఐ తీయించడం నాకు నచ్చదు. రోజూ చూస్తున్నా ఇదే వరస.

కావలి కుర్రోడు:
లెక్కలు మీరు చెప్పండి మేడమ్, మా నాన్న నడవడం నేను కళ్లారా చూశా.

నెల్లూరు ఫిజియో:
మీ నాన్నగారికి తగ్గలేదని నేననను. ఎందుకు తగ్గిందన్నదే ప్రశ్న. హ్యూస్టన్‌లో అరిగిన మోకాళ్లున్న 180 మందిని తీసుకుని, కొందరికి లోపల కడిగారు, కొందరికి గీకి శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో పేషెంట్లకు చెప్పలేదు. 2002లో ఫలితం చూస్తే, రెండేళ్ల తర్వాత కూడా అందరి నొప్పీ ఒకే తీరు. ఉత్తి గాట్లవాళ్లూ ‘తగ్గింది’ అన్నారు.

ఆర్థో పీజీ:
ఆ ట్రయల్ ఒకే ఆస్పత్రిలో, మాజీ సైనికుల ఆస్పత్రిలో జరిగింది. పేషెంట్లు దాదాపు అందరూ మగవాళ్లే. దాన్నొక్కదాన్నే పట్టుకుని మొత్తం ఆపరేషన్‌నే కొట్టిపారేయొద్దు. దెబ్బ తగిలి మెనిస్కస్ చిరిగిన కుర్రాళ్లకి, మోకాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేనివాళ్లకి, లోపల ముక్క ఊడి తిరుగుతున్నవాళ్లకి ఆర్థ్రోస్కోపీ మంచి పని. లిగమెంటు తెగితే కొత్తది అమర్చేదీ దాంతోనే.

నెల్లూరు ఫిజియో:
వాళ్ల సంగతి ఒప్పుకుంటా. అమ్మగారు అందులో ఎక్కడ? అరుగుదల లేకుండా చిరుగు మాత్రమే ఉన్నవాళ్లకి ఫిన్లాండ్‌లో ఇలాగే ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూశారు. 2013లో వచ్చిన ఫలితంలోనూ తేడా లేదు. ఇక 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం, వయసుతో అరిగిన మోకాళ్లకు దాదాపు ఎవరికీ ఇది వద్దని గట్టిగానే రాసింది.

ఆర్థో పీజీ:
సరే, ఈ కేసులో నేనూ తొందరపడను. తమ్ముడూ, రెండు విషయాలు చెప్పు. పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటుంది? చేతివేళ్ల కణుపులు వాస్తున్నాయా? అరగంట లోపు సడలితే అరుగుదల అనుకోవచ్చు. గంట దాటి, వేళ్లు కూడా వాస్తే కీళ్లవాతం చూడాలి. దానికి ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు, మందులు పూర్తిగా వేరు. మోకాలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే ఆగొద్దు, సూదితో నీరు తీసి ఇన్ఫెక్షనా, గౌట్ జబ్బులో కీళ్లలో చేరే స్ఫటికాలా అని ల్యాబ్‌లో చూడాల్సిందే.

కనిగిరి టీచర్:
మీరంతా గుజ్జు దగ్గరే ఆగారు. మన వైపు నీళ్ల సంగతి ఎవరూ అడగరేం? మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్లన్నీ పట్టేస్తాయి. మా వీధిలో ఒక పెద్దాయనకి వాతమనే చాలాకాలం మందులు వాడారు. చివరికి ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించింది. అమ్మగారు చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారో కనుక్కో నాయనా.

సింగరాయకొండ అబ్బాయి:
బిగుతు పది నిమిషాలే. వేళ్లు వాయలేదు. మెడ, నడుము బానే ఉన్నాయి. అమ్మ పుట్టిల్లు టంగుటూరు వైపు సార్, నీళ్ల సంగతి కనుక్కుంటా. ఎక్స్‌రే పడుకోబెట్టే తీశారు. ఊళ్లో ఆర్ఎంపీ ‘ఒక ఇంజెక్షన్ వేస్తా, పరిగెత్తుద్ది’ అంటున్నాడు. అమ్మకి షుగర్ ఉంది.

ఆర్థో పీజీ:
కీలు లోపలికి సూది అంటే అక్కడ వద్దు. ఇన్ఫెక్షన్ చేరితే మోకాలే పోతుంది. ఆయన చెప్పేది స్టెరాయిడ్ అయితే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది. మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు వేసి చూస్తే, మందు లేని ఉత్తి ఉప్పునీటి సూది కన్నా నొప్పి ఎక్కువేం తగ్గలేదు, గుజ్జు మాత్రం ఎక్కువ అరిగింది. మన రక్తమే తీసి ఎక్కించే పీఆర్పీ కూడా 2021 ఆస్ట్రేలియా ట్రయల్‌లో ఉప్పునీటిని మించలేదు.

ఆత్మకూరు అక్క:
మీ అక్క మాటకొస్తా. నేను మార్పిడి చేయించుకున్నా. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, ఎక్స్‌రేలో సందే లేదు, అప్పుడు ఒప్పుకున్నా. మొదటి వారాల్లో మోకాలు వంచమంటే కేకలు పెట్టా. ఇప్పుడు గుడి మెట్లు ఎక్కుతా, కానీ కింద కూర్చోను, ఇంట్లో వెస్టర్న్ కమోడ్ పెట్టించా. ధర దగ్గర జాగ్రత్త. 2017లో కేంద్రం ఇంప్లాంట్లకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీళ్లకు, గరిష్ఠ ధర పెట్టింది, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయమను, డబ్బా మీది స్టిక్కర్ కేస్ షీటులో అంటించమను. పదిలో ఎనిమిది మోకాళ్లు పాతికేళ్లు ఉంటాయని చదివా. మీ అమ్మ మెట్లు దిగడానికే ఇబ్బంది పడుతోంది కాబట్టి, ఇంకా అంతవరకూ రాలేదనుకుంటా.

కావలి కుర్రోడు:
అందరూ కలిసి భయపెట్టేస్తున్నారు. మా నాన్నని అడిగితే మళ్లీ చేయించుకుంటా అంటాడు.

సింగరాయకొండ అబ్బాయి:
ఆపరేషన్ డేటు ప్రస్తుతానికి వద్దని చెప్పా. బాబాయి అలిగాడు. మేడమ్, ముందు ఏం చేయమంటారు?

నెల్లూరు ఫిజియో:
తొడ ముందు కండరం బలపడాలి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించడం. పది సార్లు, పూటకోసారి, మూడు నెలలు మానకుండా. ఒక కిలో తగ్గినా అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఎక్స్‌రేకి వెళ్లే ముందు చీటీ మీద ‘స్టాండింగ్, రెండు మోకాళ్లు’ అని డాక్టరు చేత రాయించుకోండి. రాయకపోతే మళ్లీ పడుకోబెట్టే తీస్తారు.