విదేశంలో పరిచయమైన కుర్రవాడిని కొడుకు అనుకోవచ్చా?

చర్చ ప్రారంభం: కోర్లగుంట టీచరమ్మ, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. మా వారూ నేనూ ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవాళ్ళం. గత జనవరిలో అంగ్‌కోర్ వాట్ చూడడానికి కంబోడియా వెళ్ళి, సియెం రీప్ పట్టణంలో తొమ్మిది రోజులు ఉన్నాము. మొదటి రోజు హోటల్ వాకిట్లో మాట్లాడుకున్న టుక్‌టుక్ కుర్రవాడే చివరి రోజు దాకా మమ్మల్ని తిప్పాడు. అతనికి ఇరవై రెండేళ్ళు. నన్ను పిలిచినప్పుడల్లా "ఓం" అంటూంటే దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను. అక్కడి ఖ్మేర్ భాషలో తల్లిదండ్రుల కన్నా పెద్దవాళ్ళను అలా పిలుస్తారని, మనం పెద్దమ్మ, పెదనాన్న అన్నట్టేనని తరువాత తెలిసింది.

నాలుగో రోజు మా వారికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రాత్రి ఆ అబ్బాయి ఇంటి నుంచి స్టీలు క్యారియరులో బియ్యపు జావ తెచ్చాడు. వాళ్ళు మామూలుగా దానిలోకి ఎండుచేప నంజుకుంటారట. మేము శాకాహారులమని గుర్తుపెట్టుకుని, పై గిన్నెలో సన్నగా తరిగిన అల్లం, కాస్త ఉప్పు మాత్రమే పెట్టించుకుని వచ్చి, మూత తీసి ముందు నా ముక్కు దగ్గర పెట్టి, చేప లేదని చెయ్యి ఊపి చూపించాడు. మా వారు నాలుగు గరిటెలు తాగేదాకా తలుపు దగ్గరే కూర్చున్నాడు. మర్నాటి నుంచి నన్ను "మాక్" అనడం మొదలుపెట్టాడు. అంటే అమ్మ.

2020లో యాత్రికుల రాక ఆగిపోయి తండ్రి సంపాదన పడిపోయినప్పుడు అతను చదువు మానేశాడు. మళ్ళీ చదవాలని ఉన్నా మమ్మల్ని ఒక్కసారి కూడా సాయం అడగలేదు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. అతని కళాశాల ఫీజు మేమే కట్టాలని మా వారి ఆలోచన, నాదీ అదే. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి మాత్రం, తొమ్మిది రోజుల పరిచయానికి కొడుకు అని పేరు పెడితే అది ఆ అబ్బాయికే భారమవుతుందని అంటోంది. ఆమె మాట కొట్టిపారేయలేక మీ ముందుకు తెచ్చాను.

మదనపల్లె మాస్టారు

అమ్మా, నేను మీ అమ్మాయి పక్షాన ఉన్నాను. ఆ కుర్రవాడి మంచితనాన్ని శంకించడం నా ఉద్దేశం కాదు. కానీ మీరు బాడుగ ఇచ్చేవాళ్ళు, అతను బాడుగ తీసుకునేవాడు. ఒక్క అంగ్‌కోర్ ప్రవేశ టికెట్టుకే మూడు రోజులకు మనిషికి 62 డాలర్లు పెట్టగలిగినవాళ్ళు తనను కొడుకా అని పిలిస్తే, వద్దు అనగలిగే స్థితి అతనికి ఉందా? ప్రేమించే స్వేచ్ఛ ఇద్దరికీ ఉండవచ్చు, దూరం జరిగే స్వేచ్ఛ మాత్రం మీకే ఎక్కువగా ఉంది.

ఆ దేశానికి ఈ విషయంలో చేదు అనుభవం కూడా ఉంది. జాలిపడి వచ్చే విదేశీ యాత్రికులనూ వాళ్ళిచ్చే విరాళాలనూ చూసుకుని అక్కడ అనాథాశ్రమాలు పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ వంటి సంస్థలు బయటపెట్టాయి. బయటివాళ్ళు ప్రేమతో పంపిన డబ్బే బిడ్డలను సొంత ఇంటికి దూరం చేసింది. మీ అబ్బాయి పెద్దవాడే, పసిపిల్లవాడు కాదు, ఒప్పుకుంటాను. అయినా అతనికి తల్లి ఉంది కదా, ఆమె స్థానంలో మీరు ఎందుకు నిలబడాలి?

అలిపిరి వాసి

ఈ ప్రశ్నకు నేను అవతలి ఒడ్డు నుంచి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు ఆ కుర్రవాడి చోట ఉన్నది నేనే. మా నాన్నకు అలిపిరి దగ్గర కొబ్బరికాయల అంగడి ఉండేది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మారిషస్ నుంచి తెలుగు మూలాలున్న దంపతులు దర్శనానికి వచ్చారు. వాళ్ళ తాతముత్తాతలు ఇక్కడి నుంచి చెరకు తోటల పనికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళకు వచ్చిన తెలుగు పాటల్లోని తెలుగు మాత్రమే, మాట్లాడుకునేది క్రియోల్. సంచులు మోయడానికి నన్ను కుదుర్చుకుని 3,550 మెట్లూ నడిచారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆవిడ కాళ్ళు వణికి కూర్చుండిపోతే, ఆమె పాదాలు నా ఒడిలో పెట్టుకుని పిసికాను. అప్పుడే ఆవిడ నన్ను మొదటిసారి కొడుకా అన్నది.

మాస్టారు గారు బాడుగ సంగతి ఎత్తారు. బాడుగ కోసం నవ్వే నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజుకు పదిమంది ముందు నవ్వేవాణ్ణి. ఆవిడ దగ్గర అలా నవ్వినట్టు నాకు గుర్తులేదు. కనుక డబ్బు మధ్యలో ఉంది కాబట్టి ఆ ప్రేమ నిజం కాదనే వాదనను నేను అంగీకరించలేను.

వాళ్ళు వరుసగా మూడేళ్ళు వచ్చారు. ఇంటర్మీడియట్ చదివిస్తామన్నారు. ఉత్తరాలు రాసేవారు, ఒకసారి నీలం గీతల చొక్కా పంపారు. ఆ చొక్కాను మా అమ్మ మడతపెట్టి ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా అడుగున పెట్టింది, నేను అడిగితే పండక్కి తీస్తానన్నది. ఆ తరువాత చదువు గురించి నేను ఏమి మాట్లాడినా, "మీ మారిషస్ అమ్మకు రాయి" అనడం మొదలుపెట్టింది. ఆ మాటలో కోపం ఉండేది కాదు, అందువల్లే నాకు ఇంకా బాధగా ఉండేది. నాలుగో ఏడు వాళ్ళు రాలేదు, ఉత్తరమూ రాలేదు. పోస్టుమాన్ సైకిల్ మా వీధి మలుపు తిరిగేటప్పుడు నేను అంగట్లోంచి లేచి నిలబడేవాణ్ణి. ఫీజు రాలేదన్న దిగులు ఒక్క నెలలో పోయింది, మా నాన్న అప్పు చేసి కట్టాడు. వాళ్ళకు ఏమైందో తెలియకపోవడం మాత్రం ఇప్పటికీ పోలేదు.

అందుకని టీచరమ్మ గారూ, వెనక్కి తగ్గండని నేను చెప్పను. ముందు ఆ అబ్బాయి తల్లితో మాట్లాడండి. మొత్తం కోర్సుకు చివరిదాకా కట్టగలిగినంతే ఒప్పుకోండి. ఏ కారణం చేతనైనా ఆపవలసి వస్తే, ఆపుతున్నామని నోరు తెరిచి చెప్పండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

నేను ఆచరణకు సంబంధించిన మాట ఒక్కటే చెబుతాను. ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తుంది. బహుమతిగా పంపే డబ్బు కూడా అందులోకే వస్తుంది. పాన్ కార్డు, ఏ2 ఫారం ఇస్తే మీ బ్యాంకులోనే పని జరుగుతుంది. కళాశాల ఖాతాకు నేరుగా కట్టే వీలుంటే అలాగే కట్టండి. ఆ అబ్బాయి మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. ప్రతి విడతకూ అతను మీ ముందు నోరు తెరిచి అడగవలసిన అవస్థ తప్పుతుంది.

మదనపల్లె మాస్టారు

అలిపిరి వాసి గారి అనుభవం చదివి కదిలిపోయాను. అయినా వారు రాసిన ట్రంకుపెట్టె సంగతే నా వాదనకు బలమని అనుకుంటున్నాను. సాయం చేయండి, అమ్మ అన్న పిలుపు మాత్రం ఆ తల్లికే వదిలేయండి.

కోర్లగుంట టీచరమ్మ

మీరందరూ రాసినవి మా వారికి పైకి చదివి వినిపించాను. అలిపిరి వాసి గారు చెప్పినట్టే పోయిన ఆదివారం ఆ అబ్బాయిని, మీ అమ్మను పిలువు, మాట్లాడాలి అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, రెండు చేతులూ జోడించి కూర్చున్నది. వయసు నలభై మూడట. మా అమ్మాయి కన్నా నాలుగేళ్ళే పెద్ద. నా మాటలు ఆమెకూ, ఆమె మాటలు నాకూ ఆ అబ్బాయే తన ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు.

ఫీజు సంగతి ఎత్తాను. ఆమె చాలాసేపు ఆలోచించి, సగం మేము కడతాము, సగం మీరు కట్టండి, రసీదు ఇద్దరమూ చూద్దాము అన్నది. ఆ తరువాత కొడుకుతో ఏదో అంటే అతను సిగ్గుపడి చెప్పడానికి వెనుకాడాడు. ఆమె భుజం తట్టి చెప్పించింది. "మా అమ్మ మిమ్మల్ని మాక్ అనవద్దంటోంది. మీకు తన తల్లి వయసు ఉంటుందట. యేయ్ అనమంటోంది."

యేయ్ అంటే మన అవ్వ. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం పాలనలో ఆ దేశంలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని చదివి వెళ్ళాను గానీ, ఆ ఇంట్లో ఆ సంఖ్యకు ఏమి అర్థమో అప్పుడు తెలిసింది. ఆమె తల్లి ఆ నాలుగేళ్ళూ బతికి బయటపడినా ఆరోగ్యం చెడి తొందరగానే పోయిందట. మిగిలిన పెద్దవాళ్ళెవరూ తిరిగి రాలేదట. ఈ అబ్బాయికి పుట్టినప్పటి నుంచి యేయ్ అని పిలవడానికి ఇంట్లో మనిషి లేదు.

మాస్టారు గారూ, మాక్ అన్న పిలుపు ఆమె దగ్గరే ఉంది. నాకు ఆమె ఇచ్చిన పిలుపు తీసుకున్నాను. తాతను అక్కడ "తా" అంటారని తెలిసి మా వారు ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నారు. మా అమ్మాయి ఉగాదికి వస్తోంది. ఆ ఆదివారం ఫోన్ ఆమె చేతికే ఇస్తాను.