నాన్నగారి మెడికల్ బోర్డు కాగితాలు ఎవరిని అడగాలి?

శ్రీకాకుళం_వాసు:
మా నాన్నగారు ఆర్మీ ఆర్టిలరీలో (ఫిరంగి దళం) 22 ఏళ్లు చేసి 2004లో హవల్దార్‌గా రిటైరయ్యారు. వచ్చేటప్పటికే బీపీ, ఒక చెవి సరిగా వినపడదు, లో మెడికల్ కేటగిరీ (పూర్తి ఫిట్‌నెస్ లేదని ఆర్మీ ఇచ్చే గ్రేడు). డిజెబిలిటీ పెన్షన్ రాదని అప్పట్లో ఉత్తరం వచ్చిందట, ఇల్లు మారినప్పుడు అది పోయింది. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) ఉన్నాయి. స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్) చూస్తే పీపీఓ దిగింది గానీ, రిటైరయ్యేటప్పుడు ఆరోగ్యం పరీక్షించిన మెడికల్ బోర్డు గురించి ఒక్క ముక్క లేదు. లాయర్‌గారేమో ముందు బోర్డు కాగితాలు తెమ్మంటున్నారు. ఎవరిని అడగాలి?

మాజీ_సుబేదార్_సిగ్నల్స్:
బాబూ, అవి రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. నాన్నగారికి నాసిక్ రోడ్ క్యాంప్. మా సిగ్నల్స్ వాళ్లకి జబల్‌పూర్; ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) వాళ్లకి సికింద్రాబాద్. మనవాళ్లు చాలామంది ప్రయాగ్‌రాజ్ పీసీడీఏకి (రక్షణ పెన్షన్ల అకౌంట్స్ ఆఫీసు) రాసి నెలలు పోగొట్టుకుంటారు. పెన్షన్ మంజూరు అక్కడే, కానీ సర్వీస్ కాగితాలు రికార్డ్స్‌లోనే.

ఇంకో మాట. "మెడికల్ రికార్డులు ఇవ్వండి" అని ఊరికే రాయొద్దు. "ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16, రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, స్పెషలిస్ట్ అభిప్రాయంతో సహా" అని పేరు పెట్టి అడగండి. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అంటే ఆ బోర్డు నివేదిక రాసే ఫారం. భర్తీ అయినప్పటి మెడికల్ పరీక్ష కాగితం, క్లెయిమ్ తిరస్కరించిన ఉత్తరం కూడా అడగండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జ్ తేదీ తప్పనిసరి. ఉత్తరం రాయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు.

గుంటూరు_రవి:
నేను చేసిన తప్పు మీరు చేయకండి వాసుగారూ. నాన్నకి చూపు సరిగా లేదని సమాచార హక్కు దరఖాస్తు నా పేరు మీద, నా సంతకంతో పెట్టాను. వేరే వ్యక్తి సొంత సమాచారం ఇవ్వలేమని తిరస్కరించారు. అది అడ్డుకోవడం కాదు, చట్టంలో సెక్షన్ 8(1)(జె) ఉంది. రెండోసారి నాన్న పేరుతో, ఆయన సంతకంతో, గుర్తింపు కార్డు జిరాక్స్ జతచేసి, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో స్పీడ్ పోస్టులో పంపాం. 30 రోజుల గడువు దాటింది, జవాబు లేదు. మొదటి అప్పీల్ వేశాక బోర్డు కాగితాలు మొత్తం వచ్చాయి. జవాబు రాకపోతే ఊరుకోకండి, అప్పీల్‌కి ఫీజు కూడా లేదు.

లక్ష్మి_విజయనగరం:
నాన్నగారు పోయారు. అమ్మ ఫ్యామిలీ పెన్షనర్, అందుకే ఆవిడ సంతకంతో అడిగాం. రికార్డు ఉంచే గడువు తీరిందని ఫైల్ ధ్వంసం చేశామని రాశారు. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. తర్వాత ఒక పెద్దాయన చెబితే లాంగ్ రోల్ (సర్వీస్ వివరాల సంక్షిప్త రిజిస్టరు) నకలు అడిగాం, అది వచ్చింది. బోర్డు వివరాలన్నీ అందులో లేవు, సర్వీస్ వివరాలు మాత్రం ఉన్నాయి. మీ కాగితాలకి ఇరవై ఏళ్లు దాటాయి, దయచేసి ఈ వారమే పంపండి.

మాజీ_సుబేదార్_సిగ్నల్స్:
కాగితాలు వచ్చాక రెండు చోట్ల చూడండి. ఒకటి వైకల్యం శాతం: సాధారణంగా 20 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. రెండు, జబ్బు సర్వీస్ వల్ల వచ్చిందా, సర్వీస్‌లో ముదిరిందా, రెండూ కాదా అన్న గడి. రెండూ కాదని రాసి కారణం సరిగా చూపకపోతే సుప్రీంకోర్టు 2013 ధరమ్‌వీర్ సింగ్ తీర్పు మీకు పనికొస్తుంది. చేరినప్పుడు లేని జబ్బు సర్వీస్‌లో వస్తే, మామూలుగా సర్వీస్ వల్లే అనుకోవాలనీ, కాదంటే బోర్డు కారణాలు రాయాలనీ అందులో ఉంది. అందుకే భర్తీనాటి కాగితం అడగమన్నాను. కేసు వేయాల్సి వస్తే మనకి చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్. ఎంత ఆలస్యమైతే అంత నష్టం: పాత బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారు.

శ్రీకాకుళం_వాసు:
అందరికీ ధన్యవాదాలు. నేనూ నా పేరుతోనే దరఖాస్తు రాసి పెట్టుకున్నాను, చింపేశాను. ఇందాకే నాన్న కొత్తదాని మీద సంతకం చేశారు. ఆర్మీ నంబరు డిశ్చార్జ్ బుక్ చూడకుండానే చెప్పారు. రేపు పొద్దున పోస్టాఫీసు తెరవగానే పంపుతాను. సుబేదార్‌గారూ, చెవికి చేసిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) కూడా విడిగా పేరు పెట్టి అడగాలా?

మాజీ_సుబేదార్_సిగ్నల్స్:
అడగండి బాబూ. చెవి కేసుకి ప్రాణం అదే. ఈఎన్‌టీ స్పెషలిస్ట్ రిపోర్టు అని కూడా పక్కన రాయండి.