విండోస్ 10 తర్వాత ఏది వేయాలి? పర్లాకిమిడి డీటీపీ షాపు సందేహం

ప్రశ్న (పర్లాకిమిడి):
మాది జెరాక్స్, డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లున్నాయి, రెండూ ఆరో తరం ఐ3, 8 జీబీ ర్యామ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కేమో ఇవి పనికిరావని చూపిస్తోంది. మా అబ్బాయి విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్ వేద్దామంటాడు, మా తోడల్లుడు కొత్తవి కొనెయ్యమంటారు. షాపులో పనిచేసే అమ్మాయికి విండోస్ ఒక్కటే అలవాటు. పెళ్లిళ్ల సీజన్‌లో స్క్రీన్ మారిపోతే పని ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. దయచేసి సలహా చెప్పండి.

రాయగడ నుంచి:
అన్నగారూ, మీ మిషన్లు పాడైపోలేదు. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలని అడుగుతుంది, అంతే. లైనక్స్ మింట్ వేయండి, అదీ ఉబుంటులాంటి ఉచిత సిస్టమే. అందులో సినమన్ అనే స్క్రీన్ రకం తీసుకోండి. మెనూ ఎడమ మూలన, తెరిచిన ఫైళ్లు కింది పట్టీలో, గడియారం కుడి మూలన ఉంటాయి. ఆ అమ్మాయి చెయ్యి వెతుక్కోకుండానే అక్కడికి పోతుంది. ఉబుంటులో ఐకాన్ల వరస ఎడమ పక్కన నిలువుగా, గడియారం పైన ఉంటాయి. అదీ మంచిదే, కానీ కొత్తగా అలవాటు చేసుకోవాలి.

జయపురం నుంచి:
నేను ఒప్పుకోనండీ. మా ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు ఉబుంటులో విండోస్ బటన్ నొక్కి, కావలసిన దాని పేరు రెండక్షరాలు కొట్టి తెరిచేస్తున్నారు, మౌస్ జోలికే పోరు. పైగా విండోస్ 11 మాత్రం పాతదిలా ఉందా? స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు 'షో మోర్ ఆప్షన్స్' వెనక దాక్కున్నాయి. ఎటు పోయినా కొత్తగా నేర్చుకోక తప్పదు.

రాయగడ నుంచి:
పిల్లలకైతే మీరన్నది నిజమే మాస్టారూ. కానీ కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి తొందరపెడుతుంటే ఎవరికైనా పాత అలవాటే దిక్కు. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేశారు, జనం గోల పెడితే మరుసటి ఏడాది 8.1లో మళ్లీ పెట్టారు. సినమన్ పుట్టుక కూడా అలాంటిదే. 2011లో వచ్చిన గ్నోమ్ 3 అనే లైనక్స్ స్క్రీన్ పద్ధతి నచ్చకే మింట్ వాళ్లు దాన్ని చేసుకున్నారు. అందంకంటే ముందు, పనిచేసే మనిషి వేగం తగ్గకూడదన్నది నా పట్టుదల.

బరంపురం నుంచి:
స్క్రీన్ సంగతి తర్వాత. శుభలేఖలు ఎందులో వేస్తున్నారు? పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు అయితే అవి విండోస్ సరుకు. లైనక్స్ మీద వాటితో కుస్తీ పట్టొద్దు, సీజన్‌లో అసలొద్దు.

ప్రశ్న అడిగినవారు:
తెలుగు పేజ్‌మేకర్‌లోనే, అను ఫాంట్లతో. రెండో మిషన్ మీద ఆన్‌లైన్ ఫారాలు, ప్రింట్లు, తెలుగు, ఒడియా అర్జీలు.

బరంపురం నుంచి:
అయితే శుభలేఖల మిషన్‌లో విండోస్ 10నే ఉంచండి. అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. దాని మీద బ్యాంకు పనులు పెట్టుకోకండి. కొనాలంటే సీజన్ అయ్యాక ఒక్కటే కొనండి, రెండూ ఎందుకు?

రాయగడ నుంచి:
రెండోదానికి మింట్. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. మీ ప్రింటర్, స్కానర్ పెట్టి ఒక పేజీ తీయండి. వేలిముద్ర మిషన్ వాడుతుంటే దాని సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఇచ్చారేమో కనుక్కోండి, అలాగైతే ఆ పని మొదటి మిషన్‌కి మార్చాలి.

టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు, ఒడియా రెండూ చేర్చండి. రెండూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతే, అంటే భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరుగా అక్షరాలు పేర్చిన కీబోర్డ్. తెలుగు 'క' వచ్చే కె మీటే ఒడియా 'క' కూడా ఇస్తుంది. ఒక భాషలో చెయ్యి తిరిగితే రెండోది సగం వచ్చినట్టే. ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో మెనూలు కొత్తగా అనిపిస్తే వ్యూ, యూజర్ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి 'ట్యాబ్డ్' ఎంచుకోండి, వర్డ్ పోలికకి వస్తుంది. హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించే ముందు మాత్రం ఆ అమ్మాయి చేత పెన్‌డ్రైవ్ మీదే ఒక అర్జీ పూర్తిగా టైప్ చేయించి ప్రింట్ తీయించండి. ఆమెకు ఇబ్బంది లేదంటేనే ఎక్కించండి.