తల్లి వచ్చె గాని పిల్ల రాదు – గిట్ మీద పూరించండి

మాస్టారు (పర్లాకిమిడి): ఈ వారం సమస్య పై పాదం, ఆటవెలదిలో పూరించాలి; విషయం గిట్, అంటే కోడ్ మార్పుల్ని దాచిపెట్టే సాధనం. త, పి అక్షరాలకి యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు) లేదని గోల పెట్టకండి, అది ప్రాసయతి, వాటి పక్క అక్షరాలు కలిస్తే చాలు, "ల్ల"కి "ల్ల" సరిపోయింది. సబ్‌మాడ్యూల్స్‌తో (ఒక రిపో, అంటే కోడ్ భాండారం, లోపల పెట్టిన పిల్ల రిపోలతో) దెబ్బతిన్నవాళ్ళకి సమస్య చూడగానే అర్థమైపోద్ది.

బరంపురం బావ: నాకు మొన్న జరిగిందే మాస్టారూ. ఇక్కడ నెట్ బాగుంది కదాని రిపో క్లోన్ కొట్టుకుని (నకలు దించుకుని) బస్సెక్కి కిమిడిలో అత్తారింటికొచ్చానా, అక్కడ సిగ్నలే లేదు, బిల్డ్ కొడితే హెడర్ ఫైల్ దొరకలేదంటాది, తీరా చూస్తే సబ్‌మాడ్యూల్‌గా పెట్టిన లైబ్రరీ ఉండాల్సిన ఫోల్డర్‌లో ఒక్క ఫైలూ లేదు.

క్లోను కొట్టి చూడ గూటిలో నేముంది?
ఖాళి ఫోల్డ రొకటి కానవచ్చె
చెప్పకుంటె గిట్టు చిన్నదానిని తేదు
తల్లి వచ్చె గాని పిల్ల రాదు

మాస్టారు: "చిన్నదాని"కి రెండర్థాలు పడ్డాయి, భలే. కానీ గణం (లఘువు గురువు, అంటే పొట్టి పొడుగు అక్షరాల లెక్క) కోసం "ఖాళీ" దీర్ఘం కోసేశావు బావా. వాడుక మాటలంటావా, గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి వాటిని తప్పనను.

రాయగడ అక్క: నాది ఎదురు వాదన, అడక్కుండా పిల్లని తేకపోవడమే మంచిది. గిట్‌లో 2018లో బయటపడిన లోపం గుర్తుందా, సబ్‌మాడ్యూల్ పేరులో రెండు చుక్కలూ ఏటవాలు గీతా పెడితే చాలు, పిల్లల్తో సహా క్లోన్ చేసినవాడి మిషన్‌లో హుక్ (గిట్ తనంతట తాను నడిపే స్క్రిప్ట్) నడిచిపోయేది, గిట్ 2.17.1లో మూశారు. 2024లో వేరే చోటికి దారి చూపే సిమ్‌లింకులతో మళ్ళీ అలాంటిదే, 2.45.1లో సరిచేశారు.

కొత్త చోటు నుండి కోరక తెచ్చిన
హుక్కులోన దొంగ యొదిగి యుండు
అందుకేను గిట్టు కాజ్ఞ లేకుండిన
తల్లి వచ్చె గాని పిల్ల రాదు

గుణుపురం తమ్ముడు: అక్కా, "అందుకేను"లో ఆ "ను" గణం కోసమే కదా! నాకైతే డిఫాల్ట్ (ఏమీ చెప్పకపోతే గిట్ చేసే పని) మార్చాలనే ఉంది, గిట్ లాంటిదే అయిన మెర్క్యూరియల్‌లో క్లోన్ కొడితే సబ్‌రిపోలు వాటంతటవే వచ్చేవి. ఇక్కడ సబ్‌మాడ్యూల్ డాట్ రికర్స్ ట్రూ అని సెట్టింగ్ పెట్టుకున్నా పుల్‌కీ చెకౌట్‌కీ పనిచేస్తాది గానీ క్లోన్‌కి పట్టదు, ఇదేటి న్యాయం? మూడో పాదం "డిఫాల్టు మార్చరే" అని ఎత్తుకున్నాను, సాగట్లేదు.

రాయగడ అక్క: క్లోన్ పక్కన రికర్స్ సబ్‌మాడ్యూల్స్ అని కొట్టడానికి బద్ధకమేట్రా, అలియాస్ (ఆదేశానికి పొట్టి పేరు) పెట్టుకో. మర్చిపోయినా సబ్‌మాడ్యూల్ అప్‌డేట్‌కి ఇనిట్ తగిలిస్తే వచ్చేస్తాయి.

బరంపురం బావ: నెట్ ఉంటే కదమ్మా!

మాస్టారు: తమ్ముడూ, అది సాగదు. డిఫాల్టు అంటే లఘువు గురువు లఘువు, జగణం, ఆటవెలదికి కావాల్సిన సూర్యగణమూ కాదు ఇంద్రగణమూ కాదు. "డి"ని ముందు గణం చివరకి తోసేయ్:

మేలు గోరి మార్చు మిట్టి డిఫాల్టును
తల్లి వచ్చె గాని పిల్ల రాదు

"మిట్టి డి" ఒక భగణం (గురువు లఘువు లఘువు, ఇంద్రగణమే), "ఫాల్టును" ఇంకోటి, మే–మి యతి. మొదటి రెండు పాదాలూ నువ్వే కట్టి ఆదివారంలోపు పెట్టు, అక్క ఒప్పుకునేలా.