‘తెహిల్లీం చెప్పడం’: పాడటమా, పారాయణమా?

పదసఖి: అనువాదంలో తగిలిన మాట. జబ్బుపడినవాళ్ల కోసం యూదు ఆడవాళ్లు కూడి ‘తెహిల్లీం చెబుతారు’. తెహిల్లీం అంటే బైబిల్లోని కీర్తనల గ్రంథానికి హీబ్రూ పేరు. ‘కీర్తనలు పాడారు’ అనొచ్చా? రోగి పేరు ‘రివ్కా బత్ సారా’ అని ఉంది, అందులో చివరిది ఇంటిపేరా?

ఆకురాయి: ‘పాడారు’ వద్దండీ, భజన అనుకుంటారు. ఎక్కువమంది పెదవులు కదిలేలా, తమకు వినపడేంత గొంతుతో చదువుకుంటారు. 150 కీర్తనలూ పంచుకుని ఒక్క విడతలో ముగిస్తే మన ‘పారాయణం’ అచ్చంగా అతుకుతుంది. ఇందుకోసమే విడి పొత్తాలుగా కుట్టిన ప్రతులుంటాయి. ఒకటి తీసుకోవడం, చదివి వేరే దొంతరలో పెట్టడం. ఫోన్లో పంచుకుంటేనే తంటా: ‘90 నుంచి 95 నావి’ అన్నవాళ్లు ‘అయిపోయింది’ అని చెప్పకపోతే పుస్తకం పూర్తయిందో లేదో తేలదు. సంఖ్య చూసి సమానంగా పంచినా కుదరదు. 117కి 2 వచనాలే, 119కి 176!

‘బత్’ అంటే కూతురు, ‘బెన్’ అంటే కొడుకు. రోగిని తల్లి పేరుతో చెప్పడం ఆచారం. 116వ కీర్తన 16వ వచనంలో ‘నీ సేవకురాలి కుమారుణ్ణి’ అని ఉంది కదా, దాన్నే ఆధారంగా చూపిస్తారు. కాబట్టి ‘సారా కూతురు రివ్కా’.

పదసఖి: 119వ కీర్తనలో రోగి పేరులోని అక్షరాల భాగాలు ఏరుకుని చదవడమూ ఉందట. రి, వ్, కా అని తీసుకోవాలా?

తాళపత్రం: అక్కడే తెలుగువాళ్లం బోల్తా పడతాం. హీబ్రూ రాతే లెక్క, మన చెవికి వినపడేది కాదు. రివ్కాకి నాలుగు అక్షరాలు: రేష్, బేత్, ఖోఫ్, హే. ‘వ’ వినపడింది కదా అని వావ్ అనే అక్షరం భాగం తీస్తే తప్పు. అది చుక్క లేక ‘వ’గా పలికే బేత్. ఆ కీర్తనలో హీబ్రూ అక్షరమాల వరసలో ఒక్కో అక్షరానికి 8 వచనాల భాగం ఉంటుంది కనుక 153–160, 9–16, 145–152, 33–40 వరసగా, మొత్తం 32. పదం చివర రూపం మారే నూన్, మేమ్‌లకు వేరే భాగాలు లేవు, అవే చదవాలి. కొందరు ‘కెరా సాతాన్’ (సాతానును చీల్చు) ఆరక్షరాలూ కలుపుతారు, ఇంకో 48 వచనాలు. ‘నెషామా’ (ఆత్మ) అక్షరాలు మాత్రం పోయినవాళ్ల కోసం చదివేవి. రోగి గది సన్నివేశంలో రానివ్వకండి.

ఆకురాయి: ఈ పద్ధతికి ‘పారాయణం’ నప్పదు, ‘చదవడం’ చాలు. ‘మంత్రించడం’ అసలు కూడదు. గాయం మీద వచనాలు ఊది మాన్పడాన్ని మధ్యయుగపు యూదు పండితుడు మైమొనిడీస్ గట్టిగా నిషేధించాడు. ఇది దేవుణ్ణి వేడుకోవడం.

పదసఖి: మరి ‘రెఫువా ష్లేమా’? ‘సంపూర్ణ స్వస్థత’ అని రాశాను.

తాళపత్రం: అర్థం సరే గానీ స్వస్థత సభ పోస్టరు గుర్తొస్తోంది. ‘పూర్తి ఆరోగ్యం’ అనండి. వెనకాలే ‘రెఫువత్ హనెఫెష్, రెఫువత్ హగూఫ్’ వస్తే ఆత్మే ముందు, ఒళ్లు తర్వాత. తెలుగులో తిరగేయకండి.