నమాజ్ తప్పడు కానీ ఇంట్ల నోరు ఆగదు, తమ్ముడికి ఎట్ల చెప్పాలె?

మలక్‌పేట_అక్క:
అస్సలాము అలైకుం. మా తమ్ముడు ఐదు పూటలా మసీదుకే పోతడు, ఫజర్ (తెల్లారి నమాజ్) గూడ జమాత్‌తోనే, ఆ విషయంల నాకు మస్తు సంతోషం. కానీ ఇంటికొస్తే అమ్మ మీద చిరాకు, వాచ్‌మన్ తాతను "ఏయ్" అని పిలుస్తడు, నిన్న పనామె చేతిల చాయ్ కప్పు జారి పగిలితే అందరి ముందు నోటికొచ్చినట్టు తిట్టిండు, ఆమె కొంగుతోని కళ్లు తుడుచుకుంటనే ముక్కలు ఏరింది, నాకైతే తల కొట్టేసినట్టయింది. అడిగితే "నా నమాజ్ నేను చదువుకుంటున్న కదా, నీకేంది" అంటడు. మంచి నడవడి మన దీన్‌ల (మతంల) భాగం కాదా?

పాతబస్తీ_భాయ్:
వ అలైకుం అస్సలాం. భాగం కాకపోవుడేంది సిస్టర్! ఖియామత్ (తీర్పు) రోజు త్రాసులో మంచి అఖ్లాక్ (నడవడి) కంటే బరువైనది ఏదీ ఉండదని తిర్మిజీ అనే హదీసుల (ప్రవక్త మాటల) గ్రంథంలో ఉంది. ఇంకో హదీసు గ్రంథం సహీహ్ ముస్లింలో ముఫ్లిస్ (దివాలా తీసినోడు) హదీస్ చూడండి, ఒకాయన నమాజ్, రోజా, జకాత్ అన్నీ పట్టుకొని వస్తడు, కానీ ఒకర్ని తిట్టి ఒకరి సొమ్ము తిని ఇంకొకర్ని కొట్టి ఉంటడు, ఆయన నేకీలన్నీ (పుణ్యాలన్నీ) వాళ్లకు పోతయ్, అవి చాలకపోతే వాళ్ల పాపాలు తెచ్చి ఈయన నెత్తిన వేస్తరు. అసలు దివాలా తీసినోడు ఈయనే అన్నరు ప్రవక్త (స). ఆ పనామెకి గూడ ఆ రోజు హక్కు ఉంటది.

టోలిచౌకి_చెల్లి:
అక్కా, తమ్ముడికి అనస్ (రజి) సంగతి చెప్పండి. చిన్నప్పటి నుంచి పదేళ్లు ప్రవక్త (స) దగ్గర పని చేశారు, ప్రవక్త (స) ఆయన్ని ఒక్కసారి కూడా విసుగ్గా "ఉఫ్" అనలేదట, ఇదెందుకు చేశావ్, అదెందుకు చేయలేదు అని కూడా అడగలేదట. అమ్మానాన్నల్ని "ఉఫ్" అని కూడా అనొద్దని ఖురాన్ సూరా ఇస్రా 23లో ఉంది, అమ్మ విషయానికి అదొక్కటి చాలు.

రిటైర్డ్_అంకుల్:
అమ్మా, హదీసులన్నీ సరే, కానీ నలుగురి ముందు వాటితో కొట్టకు, పిల్లోడు ఇంకా మొండికేస్తడు. ఒక పల్లెటూరాయన మసీదులోనే మూత్రం పోస్తుంటే సహాబాలు (ప్రవక్త సహచరులు) గదమాయించబోయిన్రు, ప్రవక్త (స) ఆపి, బకెట్ నీళ్లు పోయమని చెప్పి, ఆయనకు నెమ్మదిగా నచ్చజెప్పిన్రు. నువ్వూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడు, ముందు వాడు నమాజ్‌కి పోతున్నందుకు మెచ్చుకో.

మలక్‌పేట_అక్క:
జజాకల్లాహ్ అంకుల్. జుమా (శుక్రవారం నమాజ్) అయినంక మంచి మూడ్‌ల ఉంటడు, అప్పుడే కూసోబెట్టి మాట్లాడత. ఫస్ట్ ఆ పనామెను మాఫీ అడగమంట.